దోన్యా బ్లాంకా నోట్లో మగ క్రోమోజోము

జుల్మా బెంతాంకోర్ జీవితంలోకి ఏ మగవాడు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాడో నాకు తెలుసు. పోయినప్పుడల్లా ఏడవడానికి నా బల్ల దగ్గరికే వచ్చేది. కానీ ఆమె అసలు కాపురం చేసింది మాత్రం వై క్రోమోజోముతోనే. చదువుకునే రోజుల్లో మొదలైన ఆ సంసారం జుట్టు నెరిసేదాకా సాగింది. మిగతా మగవాళ్లకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసేది.

ఆడవాళ్లకి రెండు ఎక్సులు, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. ఎక్స్ పుష్టిగా, వందల జన్యువులతో నిండుగా ఉంటుంది. వై మాత్రం కరువులో పుట్టిన దూడలా బక్కచిక్కి ఉంటుంది. అందుకేనేమో ఎక్స్ మీద పనిచేసే పండితులకి వై వాళ్లంటే, కలిగిన అత్తింటివాళ్లకి పేదింటి అల్లుడి మీద ఉండేపాటి గౌరవం మాత్రమే ఉంటుంది. ఒకసారి మా ఉరుగ్వే రాజధాని మోంతెవిదేయోలో జరిగిన సభలో ఎక్స్ పండితుడు ఎబేర్ ఒలాస్కోగా లేచి, వై రోజురోజుకీ అరిగిపోతోందని, కొన్ని లక్షల ఏళ్లలో మాయమైపోతుందని సెలవిచ్చాడు. జుల్మా వెనక వరసలోంచి, "ఈలోగా తమరే పోతారు" అంది. సభ నవ్వింది. ఒలాస్కోగా నవ్వలేదు. ఆ మాటకి ఆమె చాలా ఏళ్లపాటు ఖరీదు కట్టాల్సి వచ్చింది.

మేమిద్దరం పైసందూ అనే ఊళ్లో, నది ఒడ్డున, ఒకప్పుడు తోళ్ల గోదాముగా ఉన్న చిన్న ప్రయోగశాలలో ఎదురెదురు బల్లల మీద పనిచేసేవాళ్లం. ఎండాకాలంలో ఆ తోళ్ల వాసన ఇప్పటికీ పైకి లేస్తుంది. ఆ ఏడాది పెద్ద ప్రొఫెసర్ పదవి ఖాళీ అయింది. అది జుల్మాకి వస్తే ప్రయోగశాల మాదే. రాకపోతే మా బల్లలు, యంత్రాలు అన్నీ రాజధానిలో ఒలాస్కోగా విభాగంలో కలిపేస్తారు. అంటే ఆ దూడను పట్టుకెళ్లి ఆయన దొడ్లో కట్టేస్తారు. ఎంపిక సంఘానికి పెద్ద ఎవరో చెప్పక్కర్లేదు. వాళ్ల ముందు కొత్త విషయం ఒకటి నిరూపించి చూపించాలి. ఆమెకి వయసు దాటిపోతోంది, మళ్లీ అవకాశం రాదు.

జుల్మా దగ్గర ఒక కొత్త విషయం ఉంది. కొడుకుని కన్న తల్లి రక్తంలో ఆ కొడుకు కణాలు కొన్ని దశాబ్దాలపాటు ఉండిపోతాయని లోకానికి తెలిసిందే. అవి ఉమ్మిలో కూడా ఉంటాయని జుల్మా నమ్మకం. ఉంటే పెద్దవాళ్లని సూదితో పొడిచే పనే ఉండదు. ముసలమ్మలు కావాలి, అదీ మొహమాటం లేకుండా ఉమ్మేవాళ్లు. వాళ్ల అమ్మ దోన్యా బ్లాంకా పాడే కలాంద్రియా బృందంలో అందరూ అలాంటివాళ్లే.

ఒక శుక్రవారం పాటల సాధనకి ముందు చిన్న సీసాలు పట్టుకుని వెళ్లాం. బయట వాన. వాన పడితే మా ఊళ్లో ప్రతి ఇంటా నూనె మూకుడు పొయ్యెక్కాల్సిందే. బల్ల మీద తోర్తా ఫ్రీతాలు, అంటే మా లావుపాటి పూరీలు, వేడివేడిగా పొంగి ఉన్నాయి. జుల్మా వాటిమీద గుడ్డ కప్పేసింది.

"ఎవరూ ఏమీ తినొద్దు. నోట్లో పిండి ఉంటే పరీక్ష పాడవుతుంది. దోన్యా నెల్లీ, మీకే చెప్తున్నా."

నెల్లీ బుగ్గలో ఉన్నదాన్ని మింగేసి, "నేను అప్పటికే తినేశానమ్మా, ఇది తినడం కాదు, మింగడం" అంది.

ఈ హెచ్చరికలన్నీ చేస్తూ జుల్మా చేతిలో మాతే పట్టుకునే ఉంది. తేయాకులాంటి చేదు ఆకు నిండిన సొరబుర్ర, అందులో పీల్చుకోవడానికి వెండి గొట్టం. తాగి ఖాళీ బుర్ర దోన్ వాల్దేమార్‌కి ఇచ్చింది. ఆయన చంకలోని థర్మాస్ వంచి వేడినీళ్లు పోసి పక్కావిడకి అందించాడు. వాల్దేమార్ రిటైరైన రైలు డ్రైవరు, పెళ్లి చేసుకోలేదు, బృందంలో అకార్డియన్ వాయిస్తాడు. అక్కడున్న ఒకే ఒక్క మగవాడు కాబట్టి ఆయన్ని అందరూ బాగా చూసుకునేవాళ్లు. బుర్ర చుట్టూ తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. తిరిగిచ్చేటప్పుడు "గ్రాసియాస్" అన్నవాళ్లకి మాత్రం ఇక రాదు. పేరుకి థాంక్స్, కానీ ఆ మాట అంటే నాకు చాలు, పొయ్యొద్దు అని. దోన్యా బ్లాంకా ఎప్పట్లాగే ఒక్కటి తాగి, ఆయన వైపు చూడనైనా చూడకుండా, "గ్రాసియాస్" అని బుర్ర చేతిలో పెట్టేసింది. ఇంత బిగుసుకుపోయిన మనిషి ఏమిటా అనుకున్నాను.

నేను మాతే తాగను. కడుపులో పుండు. కాఫీకి మారాను. మా దేశంలో అది మతం మారినంత పని. పోల్చి చూడడానికి ఉంటుందని నా ఉమ్మి కూడా ఒక సీసాలో ఇచ్చాను.

తరవాతి వారం ఫలితాలొచ్చాయి. బృందంలో ప్రతి ఆవిడ ఉమ్మిలోనూ వై ఉంది. జుల్మా నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. బజారుకెళ్లి పీచ్ పళ్లు, మీగడ వేసిన చహా కేకు తెచ్చింది. నేను కేకు తింటూ కాగితం చూశాను.

"జుల్మా, నా దాంట్లో లేదే. నాకు ఇద్దరు కొడుకులు కదా."

"నీ కొడుకులు నీకు ఫోన్లే చెయ్యరు. కణాలు మాత్రం వదిలిపెడతారా?"

"మరి మీ అమ్మకి అందరికంటే ఎక్కువుంది. మీ అమ్మకి నువ్వొక్కదానివే."

ఆమె చెంచా ఆగిపోయింది. ప్రతి సిద్ధాంతానికీ మినహాయింపులుంటాయని గొణిగింది. కానీ సాయంత్రం కాగానే బ్యాగు తీసుకుని, నన్ను కూడా లాక్కుని వాళ్లమ్మ ఇంటికి వెళ్లింది.

దోన్యా బ్లాంకా మెంబ్రీయో పళ్లు చెక్కు తీస్తోంది. జుల్మా ఎదురుగా కూర్చుని, ప్రయోగశాలలో వాడే గొంతుతో అడిగింది.

"అమ్మా, నాకు అన్న ఉన్నాడా?"

"ఏ అన్న?"

"నాకంటే ముందు కన్నావా ఎవర్నైనా? మగపిల్లాణ్ణి? నిజం చెప్పు, నేనేమీ అనుకోను. శాస్త్రం కోసం అడుగుతున్నా."

"ఎలిదా," అంది దోన్యా బ్లాంకా నా వైపు తిరిగి, "దీనికి జ్వరమేమైనా ఉందేమో చూడవే."

"నీ నోట్లో వై ఉందమ్మా."

"నా నోట్లో ఉన్నవి కట్టుడు పళ్లు. నిన్ను కనడానికే రెండు రోజులు అరిచి చచ్చాను, ఇంకోణ్ణి కని మర్చిపోతానా? మీ నాన్న బతికుంటే నీ వీపు చీరేసేవాడు."

కత్తి ఊపుతూ మాట్లాడుతోంది కాబట్టి మేము లేచి వచ్చేశాం. దారిలో జుల్మా, "బుకాయిస్తోంది" అంది. నాకు మాత్రం దోన్యా బ్లాంకా నిజమే చెప్పిందనిపించింది. కానీ మాట్లాడుతుంటే ఆమె మెడ ఎందుకు ఎర్రబడిందో అర్థం కాలేదు.

వై మీద వేలిముద్రల్లాంటి గుర్తులుంటాయి. తండ్రి నుంచి కొడుక్కి అవి అలాగే దిగుతాయి. ఈ అన్నగారెవరో పట్టుకోవాలన్న కసితో జుల్మా ఆ గుర్తులు తీసింది. ఒక్క తల్లివే తీస్తే పక్షపాతం అవుతుందని అందరివీ తీసింది. తెర మీదికి వంగి మళ్లీ మళ్లీ పోల్చి చూసింది. వెళ్లి వెనక నిలబడ్డాను. అన్ని వైలూ ఒకటే.

"అంటే వీళ్ల కొడుకులందరికీ..." అన్నాను.

"తండ్రి ఒక్కడే."

"మొత్తం బృందానికా?"

"మొత్తం."

"నెల్లీకి కూడానా?"

"నెల్లీకి కూడా."

పాపం, అన్నాను. ఆయన ఎవరైనా సరే, జాలేసింది.

మర్నాడు శుక్రవారం. మళ్లీ వాన. జుల్మా అందరినీ అక్కడే నిలదీయాలని బయల్దేరింది. ఆడవాళ్లు గుండ్రంగా కూర్చున్నారు, మాతే మొదలవబోతోంది. వాల్దేమార్ సొరబుర్రలో నీళ్లు పోసి, ముందు తనే తాగాడు. అది మా ఆచారం. మొదటి మాతే చేదుగా ఉంటుంది కాబట్టి పోసేవాడే తాగేస్తాడు. మొదటిది వెర్రివాడికి అని సామెత. ఆయన గొట్టం బాగా పీల్చి, మూతి తుడుచుకుని, మళ్లీ నీళ్లు పోసి నెల్లీకి ఇచ్చాడు. నెల్లీ పీల్చి తిరిగిచ్చింది. ఆయన పోసి పక్కావిడకి ఇచ్చాడు. అదే గొట్టం. అలా తిరిగి తిరిగి జుల్మా చేతికి వచ్చింది.

"నేనొక సున్నితమైన విషయం అడగాలి," అని జుల్మా మొదలుపెట్టి, అలవాటుగా గొట్టం నోట్లో పెట్టుకుంది. ఒక గుక్క పీల్చింది. గొట్టం నోట్లో ఉండగానే ఆమె కళ్లు నా మీదికి తిరిగాయి. నేను చేతిలో కాఫీ కప్పు ఆమెకి చూపించాను.

బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, థర్మాస్‌ను చంకలో పెట్టుకుని జన్యువుల్లో వెతికాం. తోర్తా ఫ్రీతా మీద గుడ్డ కప్పాలని తోచిన మనిషికి మాతే సంగతి తోచలేదు. తోచదు. మా వాళ్లకి మాతే తినడమూ కాదు, తాగడమూ కాదు, ఊపిరి తీసుకోవడం.

"ఏంటమ్మా ఆ సున్నితమైన విషయం?" అంది నెల్లీ.

"ఏం లేదు," అంది జుల్మా. "దోన్ వాల్దేమార్, ఈ సీసాలో కొంచెం ఉమ్ముతారా?"

ఆయన టోపీ తీసి, చాలా మర్యాదగా, ఉమ్మాడు. వై ఆయనదే.

ఆ వారమంతా జుల్మా నా బల్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇంత కాలం ఎదురుచూసిన కొత్త విషయం ఒక రైలు డ్రైవరు ఉమ్మిగా తేలింది. ఒలాస్కోగా ముందు నిలబడే రోజు దగ్గర పడుతోంది. "రాజీనామా రాసేస్తా," అంటుంది, "ఊళ్లో చహా కేకుల కొట్టు పెట్టుకుంటా," అంటుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏడుపు ఆపి బుర్ర పెట్టవే. ఈ దేశంలో ఉమ్మి పరీక్ష చేసే ప్రతి ప్రయోగశాలలోనూ పక్కన మాతే ఉంటుంది. ఎవడికైనా తట్టిందా? నీకు తట్టింది. అదే చెప్పు వెళ్లి. మాతే లేకుండా మళ్లీ తీసి, వై మాయమైందని చూపించు."

ఆమె ముక్కు చీది, "అది కూడా కొత్త విషయమే కదూ," అంది.

రెండోసారి కూడా బృందం సాధన చేసే చోటే, పొద్దున్నే తీశాం. ముందు రోజు రాత్రి నుంచి మాతే ముట్టకూడదు, ఇంటి దగ్గరే బాగా పుక్కిలించి తిన్నగా రావాలి అని జుల్మా ఆజ్ఞ. మాతే పడని ఉరుగ్వే వాళ్ల దగ్గరికి పోకూడదని ఆ పొద్దున తెలిసింది. అందరికీ తలనొప్పి, అందరికీ కోపం. ఇద్దరు ఆడవాళ్లు ఎప్పుడో కుర్రతనంలో పాడిన పాటలో తప్పు గురించి పోట్లాడుకున్నారు. దోన్యా బ్లాంకా అందరికంటే ఆఖర్న, పెదాలకి రంగేసుకుని, ఒక సందులోంచి వచ్చింది. కాసేపటికి వాల్దేమార్ ఇంకో సందులోంచి వచ్చాడు. ఆ రెండు సందులూ వెనక కలుస్తాయి. నేను చూశాను, కానీ తలనొప్పి ఆడవాళ్ల మధ్య నోరెత్తలేదు.

అందరి నమూనాలూ కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఒక్క ఏడో నంబరు తప్ప. అందులో వై ఉంది, వాల్దేమార్‌దే. ఏడో నంబరు దోన్యా బ్లాంకా.

ఈసారి మెంబ్రీయో ముక్కలు పాకంలో ఉడుకుతున్నాయి. జుల్మా గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"తాగొద్దన్నానా? మాతే తాగొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"నీ మీద ఒట్టు. ఒక్క చుక్క ముట్టలేదు."

"మరి ఆయనది నీ నోట్లోకి ఎలా వచ్చిందమ్మా?"

దోన్యా బ్లాంకా గరిటె కింద పెట్టింది. పొయ్యి తగ్గించింది. అప్పుడంది, "మాతే తాగొద్దన్నావు. ఇంకేం చెయ్యొద్దో చెప్పలేదు."

జుల్మా కుర్చీలో కూలబడింది. పాకం మాడుతోందని నేను వెళ్లి కలపడం మొదలుపెట్టాను. ఆ సమయంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి.

"మీ నాన్న పోయి ఆరేళ్లయిందే," అంది తల్లి నెమ్మదిగా. "ఈయన మంచివాడు. నవ్విస్తాడు. బృందంలో తెలిస్తే నన్ను నమిలేస్తారు, నెల్లీ అయితే ఉమ్మేస్తుంది. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"పదవి పోతుందమ్మా. ఆ ఒక్క శాంపిలు ఎందుకలా వచ్చిందని అడుగుతారు."

"మాటివ్వు."

జుల్మా ఇచ్చింది. కానీ తల్లి మీద, ఆయన మీద ఒళ్లంతా కోపంతోనే ఇచ్చింది. ఆ వారం దారిలో వాల్దేమార్ ఎదురై, ఆగి, మాతే పోసి అందిస్తే, ముట్టుకోకుండానే "గ్రాసియాస్" అని వెళ్లిపోయింది. ఆయన ఆ బుర్ర పట్టుకుని వీధిలో అలాగే నిలబడ్డాడు. నాకు ఆయన మీద జాలేసింది, ఆమె మీద కోపమొచ్చింది.

ఎంపిక రోజున హాలు నిండింది. కలాంద్రియా బృందమంతా ముందు వరసల్లో కూర్చుంది, వెనక వాల్దేమార్. వేదిక మీద ఒలాస్కోగా, ఆయనకి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. ముగ్గురి మధ్యా ఒకటే మాతే తిరుగుతోంది. జుల్మా తను కనిపెట్టాననుకున్నది తప్పని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పింది. ఒక్క గొట్టం, ఒక్క మగవాడి వై, చుట్టూ ఉన్న ప్రతి నోటికీ ఎలా చేరుతుందో బొమ్మలు చూపించింది. ఒలాస్కోగా నోట్లో గొట్టం ఉంది. ఆయన దాన్ని మెల్లగా తీసి, బుర్రను బల్ల మీద దూరంగా జరిపాడు. పక్కనున్న ప్రొఫెసరమ్మ తన పెదాలు రుమాలుతో తుడుచుకుంది. ముగ్గురూ ఎన్నేళ్లుగా ఉమ్మి సేకరిస్తున్నారో మనసులో లెక్క వేసుకుంటున్నట్టు కనిపించింది.

కానీ ఒలాస్కోగా పాత మాట మర్చిపోయే రకం కాదు.

"బాగుంది డాక్టర్ బెంతాంకోర్. మాతే మానేస్తే వై పోతుందంటారు. మరి ఈ ఏడో నంబరు?"

జుల్మా ముందు వరసలో ఉన్న తల్లి వైపు ఒకసారి చూసింది.

"ఆవిడ మాతే తాగలేదని మీరే రాశారు. పుక్కిలించిందని రాశారు. అయినా వై ఉంది. అంటే కారణం మాతే కాదు, ఇంకేదో. మీ వాదనంతా పోయినట్టే కదా?"

"ఆ శాంపిలు సంగతి నాకు తెలుసు. చెప్పలేను."

"చెప్పలేకపోతే అది శాస్త్రం కాదండీ. మరి మనం ముగిద్దామా?"

జుల్మా కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నేను పళ్లు కొరుక్కున్నాను. అరవాలనుంది, కానీ మాటిచ్చింది నేను కాకపోయినా ఆ వంటింట్లో నేనూ ఉన్నాను. అప్పుడు మొదటి వరసలో కుర్చీ కిర్రుమంది. దోన్యా బ్లాంకా బ్యాగు గుండెకి హత్తుకుని లేచి నిలబడింది.

"ఏడో నంబరు నేనే బాబూ."

"మీరు కూర్చోండమ్మా," అన్నాడు ఒలాస్కోగా.

"కూర్చుంటాను. మా అమ్మాయి మాటిచ్చింది కాబట్టి చెప్పట్లేదు, అంతే. నేను మాతే తాగలేదు. పుక్కిలించాను కూడా. దారిలో దోన్ వాల్దేమార్‌ని ముద్దు పెట్టుకున్నాను. చాలాసేపు."

దోన్యా బ్లాంకా కళ్లు గట్టిగా మూసుకుని, వెనక నుంచి రాబోయే దెబ్బ కోసం చూస్తోంది. నెల్లీ ఆమె గౌను పట్టి లాగింది.

"కూర్చో బ్లాంకా. పోయిన చలికాలం నుంచి మాకందరికీ తెలుసు. మీ రెండు సందులూ ఎక్కడ కలుస్తాయో ఊరందరికీ తెలుసు."

"నీకు కోపం లేదా?"

"ఉంది. కానీ ఆయన మాతే మరీ చేదు, నాకు పడదు."

దోన్యా బ్లాంకా ధైర్యం తెచ్చుకుని ఒలాస్కోగా వైపు తిరిగింది. "ఏ ప్రయోగమైనా మళ్లీ చేసి చూపించగలిగితేనే నమ్మాలని మా అమ్మాయి చెప్తుంటుంది. కావాలంటే చేసి చూపిస్తాం." వెనక వాల్దేమార్ టోపీ తీసి, సిద్ధంగా లేచి నిలబడ్డాడు.

"అవసరం లేదు," అన్నాడు ఒలాస్కోగా. మెడ దాకా ఎర్రబడ్డాడు. పక్కనున్న ప్రొఫెసరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వడం ఆపలేక, ఏడో నంబరుకి ఇచ్చిన వివరణ తృప్తికరంగా ఉందని, తన ఓటు జుల్మాకేనని ప్రకటించింది. రెండో ఆయన కూడా అదే అన్నాడు. ఇక ఒలాస్కోగా ఏమంటే ఏంటి. ఇప్పుడు మా దేశంలో ఉమ్మి తీసే ప్రతిచోటా గోడ మీద రెండు నిషేధాలు కనిపిస్తాయి. రెండోది చదివి అందరూ నవ్వుతారు.

బయట మెట్ల మీద బృందమంతా కూర్చుంది. వాల్దేమార్ మొదటిది తనే తాగి, రెండోది పోసి, ఎవరికిద్దామా అని ఆగి, జుల్మా ముందుకి చాపాడు. "డాక్టరమ్మా," అన్నాడు. దోన్యా బ్లాంకా కూతురి మొహమే చూస్తోంది.

జుల్మా ఆ గొట్టం వైపు కాసేపు చూసింది. అందులో ఏముందో ఆమెకంటే బాగా లోకంలో ఎవరికీ తెలియదు. తీసుకుంది. అడుగున గురగురమనే దాకా తాగింది. ఖాళీ బుర్ర ఆయన చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు.

వాల్దేమార్ ఆ మాట కోసం ఇంకా ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"చూస్తావేం," అంది దోన్యా బ్లాంకా. "అది గ్రాసియాస్ అనలేదు. ఇంకోటి పొయ్యి."